గర్భసంచి జారితే తీసేయడమొక్కటే మార్గమా?

అమీర్‌పేట నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరానికి ఈ వారం కొంచెం విపులంగా జవాబు చెబుతున్నాం. పేరు వేయవద్దన్నారు గనుక వేయడం లేదు.

"నాకు 38 ఏళ్ళు. ముగ్గురు పిల్లలు. మూడూ మామూలు కాన్పులే. కోచింగ్‌కు వచ్చే పిల్లల కోసం మేము మెస్ నడుపుతున్నాం. అన్నం గుండిగలు దించడం, బియ్యం బస్తాలు జరపడం నా పనే. ఏడాదిగా సాయంత్రమయ్యేసరికి కింద ఏదో బరువుగా దిగుతున్నట్లుంటోంది. స్నానం చేసేటప్పుడు మెత్తగా వుండలాగా చేతికి తగులుతోంది. దగ్గినా, తుమ్మినా బట్ట తడుస్తోంది. పంజాగుట్ట దగ్గర ఒక నర్సింగ్ హోములో చూపించుకుంటే, గర్భసంచి జారింది, తీసేస్తే సరిపోతుంది, వచ్చేవారం చేరిపొమ్మన్నారు. పిల్లలు పుట్టేశారు, ఇంక దానితో పనేమిటి, తీయించేసుకోమంటారు మా అత్తగారు. మా అక్క మాత్రం వద్దే వద్దంటోంది. నేను ఎవరి మాట వినాలి?"

అమ్మా, ప్రస్తుతానికి ఇద్దరి మాటా వినకండి. జారింది ఏదో, ఎంత జారిందో, దానివల్ల మీకు కలుగుతున్న బాధ ఏదో ముందు తేలాలి. అది తేలకుండా ఆపరేషన్ తేదీ పెట్టుకోవడం, కొలతలు తీసుకోకుండా జాకెట్టు కుట్టించుకోవడం వంటిది. మీరు రాసినదాన్నిబట్టి చూస్తే ప్రాణానికి వచ్చిన ముప్పు లేదు. తొందరా లేదు. నిదానంగా చదవండి. మీ అత్తగారికీ, మీ వారికీ కూడా చదివి వినిపించండి.

నవారు మంచం

స్త్రీ కటిభాగంలో మూడు అవయవాలు పక్కపక్కనే వుంటాయి. ముందు మూత్రాశయం, మధ్యలో గర్భసంచి, వెనక మలాశయం. ఈ మూడింటినీ కింద నుంచి మోసే కండరాల పరుపొకటి వుంది. ముందున్న జఘనాస్థి నుంచి వెనక వెన్నెముక కొసదాకా నవారు అల్లినట్లుగా ఇది పరచుకుని వుంటుంది. మూత్రద్వారం, యోని, మలద్వారం దీనిలోనుంచే బయటికి వస్తాయి. పైనుంచి, పక్కలనుంచి కొన్ని బంధనాలు తాళ్ళలాగా గర్భసంచిని పట్టి వుంచుతాయి.

నవారు వదులైతే మంచం మీద వున్నవన్నీ గుంటలోకి దిగుతాయి. ఇక్కడ జరిగేదీ అదే. మూత్రాశయం యోని ముందు గోడను తోసుకుని దిగవచ్చు. మలాశయం వెనక గోడను తోసుకుని ముందుకు రావచ్చు. గర్భసంచి మధ్యలోనుంచి జారవచ్చు. రెండు మూడు కలిసి కూడా జారవచ్చు. స్త్రీ చేతికి తగిలే వుండ గర్భసంచే అయి వుండాలని లేదు. చాలామందిలో అది మూత్రాశయం.

ఇప్పుడొక ప్రశ్న. మంచం కుంగిందని పరుపు తీసి బయట పారేస్తే నవారు బిగుస్తుందా? బిగవదు. ఈ వ్యాసమంతటికీ కీలకం ఇదే. గర్భసంచి తీసేసినంత మాత్రాన వదులైన కండరాలు బిగవవు, దిగిన మూత్రాశయం పైకి పోదు. దాన్ని సరిచేసే కుట్లు వేరు.

ఎందుకు వదులవుతుంది?

మొదటి కారణం కాన్పులు. బిడ్డ తల దిగేటప్పుడు ఈ కండరాలు విపరీతంగా సాగుతాయి, ఒక్కోసారి చిరుగుతాయి. నొప్పులు గంటల తరబడి సాగినా, గర్భద్వారం పూర్తిగా తెరుచుకోకముందే ముక్కించినా, బిడ్డ బరువు ఎక్కువైనా, పట్టకారు వేసి తీసినా నష్టం ఎక్కువ. వెంటవెంటనే కాన్పులవడం, బాలింతరాలు తగినంత విశ్రాంతి లేకుండా బరువు పనుల్లో పడడం ఇంకో కారణం.

తర్వాత వయసు. ముట్లుడిగాక ఈస్ట్రోజన్ తగ్గి కణజాలం పలచబడుతుంది. కాన్పులప్పుడు జరిగిన నష్టం ఇరవై ముప్ఫై ఏళ్ళ తర్వాత బయటపడడం అందుకే. స్థూలకాయం, తగ్గని దగ్గు, ఏళ్ళ తరబడి మలబద్ధకం, రోజూ బరువులెత్తడం కింది కండరాల మీద వొత్తిడి పెంచుతాయి. కొందరికి పుట్టుకతోనే కణజాలం బలహీనం. సిజేరియన్ అయినవారికి ఈ బాధ తక్కువేగాని, బొత్తిగా రాదని చెప్పలేము.

లక్షణాలు గుర్తించడం ఎలా?

కింద బరువు, ఏదో దిగుతున్న భావన వుంటుంది. పొద్దున తక్కువ, సాయంత్రానికి ఎక్కువ. పడుకుంటే హాయి. నడుము లాగుతుంది. మూత్రం మాటిమాటికీ వస్తుంది, పోశాక ఇంకా మిగిలినట్లుంటుంది. కొందరు వేలితో లోపలికి నొక్కుకుంటేగాని మూత్రమో, మలమో సరిగా పోదు. ఈ సంగతి కూతురికి చెప్పరు, కోడలికి చెప్పరు, డాక్టరుకు కూడా చెప్పరు. చెప్పండి. డాక్టరు విననిది కాదు, మీకొక్కరికే వచ్చిందీ కాదు.

జారడాన్ని డాక్టర్లు దశలుగా చెబుతారు. మొదటి దశలో గర్భద్వారం కిందికి దిగినా యోని లోపలే వుంటుంది. రెండో దశలో ముక్కినప్పుడు ద్వారం దాకా వస్తుంది. మూడో దశలో బయటికి వస్తుంది. మరీ ముదిరితే గర్భసంచి మొత్తం బయటే వుండిపోతుంది. అప్పుడు బట్ట రాపిడికి పుండు పడి రసి కారుతుంది.

మూత్రం కారడంలో మూడు రకాలున్నాయి. వీటి చికిత్స పూర్తిగా వేరువేరు గనుక తేడా తెలుసుకోండి.

ఒకటి: దగ్గినప్పుడు, నవ్వినప్పుడు, బరువెత్తినప్పుడు కారడం. ఇది మూత్రనాళానికి ఆధారమిచ్చే కండరాల బలహీనత. వ్యాయామం, అవసరమైతే ఆపరేషన్ పనిచేస్తాయి.

రెండు: ఉన్నట్టుండి ఆపుకోలేని తొందర కలిగి, మరుగుదొడ్డి చేరేలోపే పోవడం. ఇది మూత్రాశయం చికాకు. దీనికి ఆపరేషన్ మొదటి మందు కాదు. మూత్రానికి వెళ్ళే వ్యవధిని కొంచెం కొంచెంగా పెంచే అభ్యాసమూ, మాత్రలూ ముఖ్యం.

మూడు: రాత్రింబగళ్ళు ఆగకుండా ధారగా కారడం. కాన్పు కష్టమై బిడ్డ తల గంటల తరబడి ఇరుక్కున్న తర్వాతగాని, పొత్తికడుపులో ఆపరేషన్ జరిగిన తర్వాతగాని ఇలా మొదలైతే మూత్రాశయానికీ యోనికీ నడుమ రంధ్రం పడిందేమోనని అనుమానించాలి. వ్యాయామంతో ఇది నయం కాదు. చిన్న రంధ్రమైతే వెంటనే గొట్టం వేసి మూత్రాశయాన్ని ఖాళీగా వుంచితే మానవచ్చు. లేకపోతే నిపుణుడి చేత మూయించుకోవాలి. మూయించుకుంటే నయమవుతుంది. ఆ వాసనకు జడిసి ఇంట్లో ఒక మూలకు చేరవలసిన పనిలేదు.

డాక్టరు ఏం చూడాలి?

పడుకోబెట్టి, దగ్గమని, ముక్కమని, ఏ గోడ ఎంత దిగుతున్నదో పరీక్షించాలి. స్కానింగ్ కాగితం ఒక్కటే చూసి తేల్చేది కాదిది. మూత్ర పరీక్ష, మూత్రం పోశాక ఎంత మిగులుతున్నదో చూసే స్కాన్, గర్భద్వారపు పాప్ పరీక్ష, చక్కెర, రక్తహీనత పరీక్షలు అవసరం. ముట్లుడిగాక రక్తం కనిపిస్తే దాని కారణం తేల్చకుండా జారుడుకు మాత్రమే వైద్యం చేయకూడదు.

ఆపరేషన్‌కు ముందు చేయదగినవి

మొదటి దశలో వుండి, బాధ పెద్దగా లేకపోతే ఆపరేషన్ అవసరమే లేదు. మొదట వ్యాయామం. అమెరికా డాక్టరు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ప్రచారంలోకి తెచ్చిన వ్యాయామమిది. డబ్బు ఖర్చు లేదు, ఎవరికీ కనిపించదు. బస్సులోనైనా, వంట చేస్తూనైనా చేయవచ్చు.

గ్యాసు పోకుండా బిగబట్టేటప్పుడు ఏ కండరాలు లోపలికీ పైకీ లాగుతారో, ఆ కండరాలనే బిగించండి. పొట్ట, పిరుదులు, తొడలు బిగించకూడదు. ఊపిరి బిగబట్టకూడదు. బిగించి మూడు నుంచి అయిదు అంకెలు లెక్కపెట్టి, అంతసేపే వదిలి వుంచండి. ఇలా ఎనిమిది నుంచి పదిసార్లు. పూటకొకసారి చొప్పున రోజుకు మూడు పూటలా చేయండి. క్రమంగా పది అంకెలదాకా పెంచండి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని రోజువారీ వ్యాయామంగా చేయవద్దు. దగ్గు, తుమ్ము వచ్చేముందు ఒకసారి గట్టిగా బిగించండి. తడవడం అప్పుడే తగ్గుతుంది. మూడు నాలుగు నెలలు వదలకుండా చేస్తేనే ఫలితం తెలుస్తుంది. వారం చేసి లాభం లేదనకండి.

దీనితోపాటు మలబద్ధకం పోగొట్టుకోవాలి. ఆకుకూరలు, పండ్లు, తగినన్ని నీళ్ళు, కావాలంటే ఇసబ్గోల్. దగ్గుకు వైద్యం చేయించుకోవాలి. బరువు తగ్గాలి. ఈ సోదరి గుండిగ దించే పని ఇంకొకరికి అప్పగించాలి, లేదా అదే అన్నం రెండు చిన్న గిన్నెల్లో వండుకోవాలి. మూత్రం పోతుందని నీళ్ళు మానేయకండి. చిక్కబడిన మూత్రం మంట పుట్టించి బాధ పెంచుతుంది.

రెండవది రింగు పెసరీ. సిలికోన్‌తో చేసిన మెత్తని చక్రం. డాక్టరు కొలత చూసి యోనిలో అమరిస్తే జారినదాన్ని పైకి పట్టి వుంచుతుంది. ఆపరేషన్ తట్టుకోలేని పెద్దవారికి, కాన్పులు ఇంకా కావలసినవారికి, ఆపరేషన్ వాయిదా వేసుకోదలచినవారికి ఇది మంచి సాధనం. డాక్టరు చెప్పిన వ్యవధిలో తీసి, కడిగి, లోపల పుండు పడిందేమో చూపించుకోవాలి. పెట్టించుకుని మరిచిపోతే ప్రమాదం.

ఆపరేషన్లు ఎన్ని రకాలు?

ఇవన్నీ చేసినా బాధ తగ్గకపోతేనో, గర్భసంచి బయటే వుంటేనో, మూత్రం నిలిచిపోతుంటేనో ఆపరేషన్ గురించి ఆలోచించాలి.

మూత్రాశయం దిగితే యోని ముందు గోడను, మలాశయం ముందుకు వస్తే వెనక గోడను విప్పి, లోపలి పొరను బిగించి కుడతారు. కాన్పులో చిరిగి సరిగా అతకని మూలాన్ని కూడా అప్పుడే సరిచేస్తారు. వీటికి గర్భసంచి తీయనక్కరలేదు.

గర్భసంచే జారితే దాన్ని వుంచి పైకి కట్టే పద్ధతులున్నాయి. మాంచెస్టర్ ఆపరేషన్‌లో సాగిపోయిన గర్భద్వారాన్ని కొంత తీసి బంధనాలను బిగిస్తారు. వయసులో వున్న స్త్రీల కోసం గర్భసంచిని పట్టీతో పైకి కట్టే ఆపరేషన్లలో మన దేశపు డాక్టర్ల పేర్లతోనే చెలామణీ అయ్యేవి వున్నాయి. గర్భస్రావం కాకుండా వేసే కుట్టుతో ప్రపంచమంతటా పేరు పొందిన బొంబాయి డాక్టరు శిరోద్కర్ పద్ధతి ఒకటి, పురందరే పద్ధతి మరొకటి.

ముట్లుడిగినవారిలో, గర్భసంచి బాగా జారినవారిలో యోని మార్గంలోనే దాన్ని తీసేయడం మామూలు. అయితే తీశాక మిగిలిన యోని పైకొసను గట్టి బంధనాలకు కట్టాలి. అది కట్టకపోతే కొన్నాళ్ళకు ఆ కొసే కిందికి జారుతుంది. "గర్భసంచి తీసేశారు గదా, మళ్ళీ ఏం జారింది?" అని వాపోయేవారి సంగతి ఇదే.

బాగా వయసు మీరి, దాంపత్య జీవితం అవసరం లేనివారికి యోనిని మూసి కుట్టే చిన్న ఆపరేషన్ వుంది. దగ్గితే మూత్రం కారేవారికి మూత్రనాళం కింద ఆధారంగా పట్టీ వేస్తారు. పొట్ట దగ్గర నుంచి తీసిన సొంత పొరనే పట్టీగా వాడే పద్ధతి కూడా వుంది.

ఇక ప్లాస్టిక్ వల సంగతి. జారిన గోడలకు ఆధారంగా యోని మార్గంలో వల పెట్టడం ఒక దశలో చాలా దేశాల్లో విరివిగా జరిగింది. కొందరిలో వల పైకి తేలి నొప్పి, రక్తస్రావం కలిగించింది. బ్రిటన్ 2018లో వాడకాన్ని నిలిపి కఠిన షరతులు పెట్టింది. అమెరికా ప్రభుత్వ సంస్థ 2019 ఏప్రిల్‌లో జారుడు కోసం ఇలా పెట్టే వలల అమ్మకం ఆపించింది. మీకు వల పెడతామంటే ఎందుకో, ఏ మార్గంలోనో, తర్వాత తీయవలసివస్తే ఎలాగో అడగండి.

మన రాష్ట్రాల్లో ఒక ప్రత్యేక చిక్కు

గర్భసంచి తీయించుకోవడం మన దగ్గర పన్ను పీకించుకున్నంత తేలికైపోయింది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అంటే దేశపు సగటుకు రెట్టింపు కంటే ఎక్కువ. తెల్లబట్టకూ, నడుము నొప్పికీ, "ఉంచితే కాన్సరవుతుంది" అన్న భయానికీ పేగుబంధాన్ని కోసినంత సులువుగా కోసేస్తున్నారు. అనవసరపు ఆపరేషన్లను అరికట్టేందుకు 2022లో కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలుచేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

వయసులో వుండగా గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగిన బాధలన్నీ ఒక్కసారిగా మీదపడతాయి. ఎముకలు గుల్లబారతాయి. గుండెకూ మంచిది కాదు. "పిల్లలు పుట్టేశారు" అన్నది ఆపరేషన్‌కు కారణం కాదు.

సంతకం పెట్టేముందు ఈ అయిదూ అడగండి: జారింది ఏది, ఏ దశలో వుంది? ఆపరేషన్ చేయకపోతే ఏమవుతుంది? గర్భసంచి వుంచి సరిచేసే వీలుందా? అండాశయాలు తీస్తారా? మూత్రం కారడం దీనితో తగ్గుతుందా, దానికి వేరే చికిత్స కావాలా? అడిగితే విసుక్కునే చోట కాకుండా, విడమరచి చెప్పే చోట చేయించుకోండి.

రెండో డాక్టరుకు చూపించుకోవడం మొదటివారిని అవమానించడం కాదు. అమీర్‌పేట వారికి ఇది కష్టమూ కాదు. ఎర్ర లైను మెట్రో ఎక్కితే పంజాగుట్టలో నిమ్స్ వుంది. అక్కడ మూత్రవ్యాధులకు యూరాలజీ విభాగముంది. అదే రైల్లో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగితే కోఠి సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆస్పత్రి దగ్గర. గాంధీ, పేట్లబురుజు ఆస్పత్రుల్లోనూ స్త్రీల వ్యాధుల విభాగాలున్నాయి. పాత చీటీలన్నీ ఒక సంచిలో పెట్టుకుని వెళ్ళండి.

ఆపరేషన్ తర్వాత

గొట్టం సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తీస్తారు. తీశాక మూత్రం ధారాళంగా వస్తున్నదో లేదో చెప్పాలి. మరునాడే లేచి నాలుగడుగులు వేయాలి. కదలకుండా పడుకుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టవచ్చు. లోపలి కుట్లు వాటంతట అవే కరిగిపోతాయి. కొన్ని వారాలపాటు కొద్దిగా ఎరుపు, పసుపు చెమ్మ కనిపించడం సహజం.

పథ్యం పేరిట పలచని అన్నం, కారప్పొడి మాత్రమే పెట్టడం తప్పు. పప్పు, గుడ్డు, పాలు, కూరలు, పండ్లు తినాలి. విరేచనం మెత్తగా అయ్యేలా చూసుకోవడం అన్నిటికంటే ముఖ్యం. ముక్కితే కుట్లు వదులవుతాయి. కనీసం ఆరు వారాలు నీళ్ళ బిందె, గ్యాస్ సిలిండర్, చంటిపిల్లవాడు, దేన్నీ ఎత్తకూడదు. డాక్టరు మళ్ళీ పరీక్షించి సరేననేదాకా భార్యాభర్తల కలయిక వద్దు. ఈ మాట మీ వారికి డాక్టరు చేతనే చెప్పించండి. బరువైన గిన్నెలూ, బస్తాలూ ఇకముందు కూడా తగ్గించుకోవాలి. కెగెల్ వ్యాయామం డాక్టరు చెప్పినప్పుడు మళ్ళీ మొదలుపెట్టి జీవితాంతం చేయాలి. ఎంత బాగా కుట్టినా కొందరిలో మళ్ళీ జారుతుంది. జాగ్రత్తలు ఆ ముప్పును తగ్గిస్తాయి.

జ్వరం, దుర్వాసనతో రసి, గంటకొక గుడ్డ తడిసేంత రక్తం, మూత్రం బిగుసుకుపోవడం, ఒక పిక్క వాచి నొప్పి, ఆయాసం, ఆగకుండా నీళ్ళలా కారడం: వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళండి.

చిన్న సందేహాలు

నడుముకు మత్తు ఇంజక్షన్ ఇస్తే జన్మంతా నడుము నొప్పి వుంటుందా? వుండదు. సూది గుచ్చినచోట కొన్ని రోజులు నొప్పి వుండవచ్చు. ఏళ్ళ తరబడి వుండే నడుము నొప్పికి కారణాలు వేరు. మత్తుమందంటే భయపడేవారికి ఒక ముచ్చట: క్లోరోఫారం ఎంత క్షేమమో తేల్చడానికి 1888, 1889ల్లో నిజాం ప్రభుత్వం తరఫున రెండు కమిషన్లు పరిశోధించింది ఈ హైదరాబాదులోనే.

మా అమ్మకు 70 ఏళ్ళు, చక్కెర వ్యాధి వుంది. ఆపరేషన్ చేయవచ్చా? వయసొక్కటే అడ్డు కాదు. చక్కెర అదుపులోకి తెచ్చుకుని, గుండె పరీక్ష చేయించుకుని చేయించవచ్చు. కాదంటే రింగు వుండనే వుంది.

పెళ్ళికెదిగిన మా అమ్మాయికి ఇది రాకుండా ఏం చేయాలి? రక్తహీనత లేకుండా చూడండి. గర్భవతిగా వున్నప్పుడే ఈ వ్యాయామం నేర్పించండి. కాన్పు శిక్షణ వున్నవారి చేతిలో జరిగేలా చూడండి. కాన్పులో చిరుగు పడితే అప్పుడే సరిగా కుట్టించండి. కాన్పయ్యాక ఆరు వారాలు బరువు పని చెప్పకండి. పుట్టింట్లోనైనా, అత్తింట్లోనైనా ఆ ఆరు వారాల విశ్రాంతి ఆమెకు ముప్ఫై ఏళ్ళ తర్వాత అక్కరకొస్తుంది.